ఒంటికా, రెంటికా? ముందు అది తేల్చుకోండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా బుజ్జిగాడు మగపిల్లి, నాలుగేళ్లవాడు, అయిదున్నర కిలోలుంటాడు. రెండేళ్ల కిందట విశాఖలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం. అప్పుడు తప్ప, పుట్టి బుద్ధెరిగాక ఇంటి గడప దాటలేదు. రెండు రోజులుగా తిండి సరిగ్గా ముట్టడం లేదు, వాసన చూసి వెళ్లిపోతున్నాడు. రెండుసార్లు కక్కాడు. మంచం కింద మూలకు నక్కి కూర్చుంటున్నాడు. మాటిమాటికీ ఇసుక తొట్టెలోకి వెళ్లి ముక్కుతున్నాడు, ఊరికే వచ్చేస్తున్నాడు. మలబద్ధకం అనుకుని చెంచాడు ఆముదం పట్టాం. మా అత్తగారు దిష్టి తీశారు, ఒక పూట కడుపు మాడిస్తే అదే సర్దుకుంటుందంటున్నారు. పక్కింటావిడ జ్వరం బిళ్ల అరముక్క వేయమంటున్నారు. బయటికే వెళ్లని పిల్లికి జబ్బు ఎక్కడి నుంచి వస్తుందండీ? ఇక్కడి పశువుల ఆసుపత్రిలో ఆవుల్నీ మేకల్నీ చూస్తారు, పిల్లిని పట్టుకెళ్తే నవ్వుతారేమోనని ఆగాను. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో మిగతా విషయాలన్నీ ఒక ఎత్తు, "మాటిమాటికీ ఇసుక తొట్టెలోకి వెళ్లి ముక్కుతున్నాడు" అన్న మాట ఒక్కటీ ఒక ఎత్తు. అది చదివాక జవాబు అచ్చయ్యేదాకా ఆగడం నావల్ల కాలేదు. మీరిచ్చిన నంబరుకు ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. అప్పుడు మనం మాట్లాడుకున్నదంతా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఇంట్లో మగపిల్లి ఉన్న ప్రతివారికీ ఇది తెలియాలి.

నేను మొదట అడిగింది "బుజ్జిగాడు ఒంటికి వెళ్తున్నాడా?" అని. మీరు "లేదండీ, బాగా గట్టిపడిపోయినట్టుంది" అన్నారు. నేను ఒంటేలు సంగతి అడిగాను, మీరు రెంటి సంగతి చెప్పారు. ఇందులో మీ తప్పేమీ లేదు. పిల్లి ఒంటికి కూర్చున్నా రెంటికి కూర్చున్నా మన కంటికి ఒకేలా ఉంటుంది. నడుం వంచి, తోక కాస్త ఎత్తి కూర్చుంటుంది. ముక్కుతుంటే మనకు తోచేది మలబద్ధకమే.

పశువైద్యుడిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఈ పొరపాటు చేశాను. పల్లె డిస్పెన్సరీకి ఒక పెద్దాయన వెదురు బుట్టలో పిల్లిని తెచ్చారు. "రెండ్రోజులుగా రావట్లేదు బాబూ" అన్నారు. ఏది రావట్లేదని నేను అడగలేదు. పొట్ట తడిమితే గట్టిగా తగిలింది. మలం ఉండ కట్టిందనుకుని విరేచనానికి మందిచ్చి పంపేశాను. నా చేతికి తగిలింది మలం కాదు, నిండి బిగుసుకుపోయిన మూత్రసంచి. మర్నాడు పొద్దున ఆయన ఖాళీ బుట్టతో వచ్చి, పిల్లి పోయిందని చెప్పి వెళ్లారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బుట్ట నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటినుంచి ఏ పిల్లి వచ్చినా ఒంటేలు సంగతి తేలాకే నాకు రెండో మాట.

మగపిల్లి మూత్రనాళం చివరికొచ్చేసరికి బాగా సన్నబడుతుంది. ఆపరేషన్ వల్ల వచ్చిన లోపం కాదు, పుట్టుకతోనే అంతే. మూత్రసంచి వాచినప్పుడు దాని లోపలి పొర నుంచి ఊడే జిగురు, సన్నటి ఇసుకలాంటి స్ఫటికాలు కలిసి ఆ సన్నటి దారిలో బిరడాలా పట్టేస్తాయి. అడ్డం పడ్డాక రోజులు కాదు, గంటలు లెక్కపెట్టుకోవాలి. మూత్రం వెనక్కి తన్ని మూత్రపిండాలు పని మానేస్తాయి. రక్తంలో పొటాషియం పెరుగుతుంది, అది గుండెను ఆపేస్తుంది. పూర్తిగా అడ్డం పడితే 24 నుంచి 48 గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. తిండి మానడం, వాంతులు ఆ దారిలో కనిపించే గుర్తులే. అందుకే మీ ఉత్తరం చూసి అంత కంగారు పడ్డాను.

ఫోన్ చేతిలో పట్టుకునే తొట్టె దగ్గరికి వెళ్లి చూడమన్నాను. మహేంద్రతనయ నది ఇసుకను జల్లెడ పట్టి, ఎండబెట్టి వాడుతున్నామన్నారు. మంచి పని చేస్తున్నారు. పొడి ఇసుకలో ఒంటేలు పడితే అక్కడే ఉండ కడుతుంది, ఆ ఉండలే మనకు లెక్క చెబుతాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు వెళ్తుంది, ఒక్కో ఉండ ఇంచుమించు నిమ్మకాయంత ఉంటుంది. మీకు కనిపించినవి రూపాయి బిళ్లంత తడి మచ్చలు, అవి కూడా ఏడెనిమిది. ఒకదాని అంచు గులాబీ రంగులో ఉందన్నారు, అది రక్తం. అంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు, చుక్క చుక్కగా పడుతోంది. కానీ ఏ క్షణంలోనైనా మూసుకుపోవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే తీసుకెళ్లమన్నాను.

పొట్ట మీరు నొక్కి చూడవద్దని కూడా చెప్పాను. నిండిన మూత్రసంచి గట్టిగా నొక్కితే పగిలిపోతుంది. అక్కడి ఒడియా డాక్టరుగారికి తెలుగు అంతగా రాదన్నారు కాబట్టి ఏం చెప్పాలో కూడా మాట్లాడుకున్నాం. "బిలేఇ పరిస్రా కరునాహిఁ" (పిల్లి ఒంటికి వెళ్లడం లేదు) అనండి, 'ఝాడా' (రెంటికి) కాదు 'పరిస్రా' (ఒంటికి) అని తేల్చి చెప్పండి అన్నాను. ఒడియాలోనైనా తెలుగులోనైనా "అవడం లేదు" అని ఊరుకుంటే వినేవాళ్లు తమకు తోచినట్టు అర్థం చేసుకుంటారు.

మీరు కూరగాయల బుట్టలో తువ్వాలు పరిచి, పైన చున్నీ కప్పి, డాక్టరుగారి ఇంటికే వెళ్లారు. ఆయన నవ్వలేదు కదా! ఆవులను చూసే డాక్టరు కూడా పిల్లి శరీరం చదువుకునే వచ్చినవారే. మూత్రసంచి చిన్నగానే ఉంది, చెయ్యి తగిలితే నొప్పికి అరుస్తున్నాడు, అడ్డం పడలేదు అని చెప్పి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చారు. మర్నాడు ఖాళీ తొట్టెలోంచి సిరంజితో తీసి ఇచ్చిన మూత్రంలో రక్తకణాలు కనిపించాయి, సూక్ష్మజీవులు లేవు. యాంటీబయాటిక్ ఎందుకు రాయలేదని మీరు నన్ను అడిగారు. పదేళ్ల లోపు పిల్లుల్లో ఈ బాధకు సూక్ష్మజీవులు కారణం కావడం అరుదు. ఆయన రాయకపోవడమే సరైనది.

ఇక మీ అసలు ప్రశ్న: గడప దాటనివాడికి ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఇలా ముక్కుతూ వచ్చే పిల్లుల్లో సగానికి పైగా రాయీ దొరకదు, సూక్ష్మజీవీ దొరకదు. దీన్ని ఇడియోపతిక్ సిస్టైటిస్ అంటారు, ఫలానా కారణమని తేలని మూత్రసంచి వాపు అని అర్థం. అయితే ఇది ఎలాంటి పిల్లులకు వస్తుందో మాత్రం బాగా తెలుసు. ఇంటిపట్టునే ఉండేవి, ఒళ్లు చేసినవి, నీళ్లు తక్కువ తాగేవి, మనసుకు కష్టం కలిగినవి. బెదిరిన పిల్లిలో నరాల నుంచి వెళ్లే సంకేతాలు మూత్రసంచి మీద పడతాయి. దాని లోపలి గోడను కాపాడే జిగురు పొర పలచబడుతుంది. అప్పుడు మూత్రంలోని ఘాటు నేరుగా గోడకు తగిలి పుండులా మండుతుంది. పిల్లికి టెన్షన్ ఏమిటని మీ అత్తగారు ఆశ్చర్యపోయారట. ఆమెతో చెప్పండి, ఇది నా ఊహ కాదు, డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చూస్తున్న సంగతి.

ఈ రెండు మూడు నెలల్లో ఇంట్లో ఏం మారిందని అడిగితే ఏమీ మారలేదన్నారు. మాట్లాడుతుంటే ఒక్కొక్కటే బయటికొచ్చింది. మీ అమ్మాయి డిగ్రీలో చేరి విశాఖ హాస్టల్‌కు వెళ్లింది. బుజ్జిగాడు రోజూ ఆమె కాళ్ల దగ్గరే పడుకునేవాడు. దీపావళికి ముందు గోడలకు రంగులు వేయించి, వాడు దాక్కునే పాత బీరువా తీసేశారు. దీపావళి రాత్రి వీధంతా టపాకాయలు. ఇక పెరటి గోడ మీదికి ఒక చారల గండుపిల్లి రోజూ వచ్చి వంటింటి కిటికీలోంచి లోపలికి చూస్తోంది. మనకు ఇవి నాలుగు చిన్న సంగతులు. ఆ నాలుగ్గోడలే లోకమైన వాడికి లోకమంతా కదిలిపోయింది.

వీటికి తోడు తిండి మారింది. అమ్మాయి ఉన్నప్పుడు ఉడికించిన చేపను ప్యాకెట్‌లో వచ్చే పొడి గింజల మేతలో కలిపి పెట్టేది. ఇప్పుడు కార్తీకం, ఇంట్లో చేప వండడం లేదు, ఉత్త గింజలే పెడుతున్నారు. మీ వైపు కార్తీకం ఎంత నిష్ఠగా చేస్తారో నాకు తెలుసు. చివరి అయిదు రోజులు పంచుకలో కొంగ కూడా చేప ముట్టదని ఒడియావాళ్లు చెప్పుకుంటారు. మీ అత్తగారి నియమం చెడకుండానే దీన్ని సర్దుకోవచ్చు. ఉడికిన చేపలో నాలుగింట మూడొంతులు నీరే. గింజల మేతలో ఉండేది నూటికి పది పాళ్లు. పిల్లి ఎడారి జాతి జంతువు, దానికి దప్పిక తక్కువ, నీళ్లు తిండిలోంచే రావాలి. కిలో బరువుకు రోజుకు సుమారు 50 మిల్లీలీటర్ల లెక్కన మీవాడికి తిండితో కలిపి పావు లీటరు పైగా నీరు అందాలి. ఉత్త గింజలు తింటూ అంత నీరు వాడంతట వాడు తాగడు. మూత్రం చిక్కబడుతుంది, ఘాటు పెరుగుతుంది.

కాబట్టి గింజలను గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి, మెత్తబడ్డాక పెట్టండి. బజారులో దొరికే తడి మేత ప్యాకెట్లు పెట్టినా మంచిదే, ఇంట్లో చేప వండే పని ఉండదు. కార్తీకం అయ్యాక చేప ఉడికించిన నీళ్లు పొయ్యండి, అందులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి, మన కూర ముక్క పెట్టకూడదనేది అందుకే. కార్తీకమని పెరుగన్నంతో నెట్టుకురావడం కుదరదు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం చాలినంత అందకపోతే పిల్లికి చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టండి, వెడల్పు మూతివి, మీసాలు అంచుకు తగలనివి. తిండి గిన్నె పక్కన ఒకటి, తొట్టె పక్కన ఒకటి అని కాదు, వాటికి దూరంగా పెట్టండి.

ఇసుక తొట్టె ఇంకొకటి వేరే గదిలో పెట్టండి. తొట్టెను ఫినాయిల్‌తో కడుగుతున్నామన్నారు. ఆ పని ఈ రోజే ఆపండి. ఫినాయిల్ ఘాటును విరిచే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. పాదాలకు అంటుతుంది, నాకుతుంది, లోపలికి పోతుంది. సబ్బు, వేడినీళ్లు చాలు. వంటింటి కిటికీ కింది సగానికి కాగితం అంటించండి, గండుపిల్లి కంట పడకపోతే వాడికి సగం బెంగ తీరుతుంది. ఒక అట్టపెట్టెకు పక్కన కన్నం చేసి, అందులో మీ అమ్మాయి వాడిన చున్నీ ఉతక్కుండా పరిచి, పాత బీరువా ఉన్న చోట పెట్టండి. మంచం కింద నుంచి లాగకండి, వాడంతట వాడు రావాలి.

మీ అత్తగారు చెప్పిన మాట గురించి. లంఖణం పరమౌషధం అన్నది మనుషులకు చెప్పింది. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, అదీ ఒళ్లు చేసిన పిల్లి అయితే, ఒంట్లోని కొవ్వంతా కాలేయంలోకి చేరి కాలేయం పని మానేస్తుంది. కళ్ల తెల్లగుడ్డు, చెవి లోపలి చర్మం పసుపు రంగుకు తిరుగుతాయి. అది అసలు జబ్బు కన్నా పెద్ద జబ్బు. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుతో మాట్లాడాలి, రెండో రోజుకు ఆగకూడదు. తిండిని కాస్త వెచ్చచేసి పెట్టండి, వాసన తగిలితే తింటుంది.

పక్కింటావిడ చెప్పిన జ్వరం బిళ్ల మాత్రం చచ్చినా వేయకండి. డోలో అనండి, క్రోసిన్ అనండి, లోపలున్నది పారాసిటమాల్. మన కాలేయం దాన్ని విరిచి బయటికి పంపుతుంది. పిల్లి కాలేయానికి ఆ పని దాదాపు చేతకాదు. రక్తం ప్రాణవాయువును మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది, చిగుళ్లు గోధుమ, నీలం రంగుకు మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. అరముక్క చాలు ప్రాణం తీయడానికి. ఎవరైనా తెలియక వేసి ఉంటే దాచకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి, తొలి గంటల్లో ఇస్తే విరుగుడు పనిచేస్తుంది. మనం వాడే నొప్పి మాత్రలేవీ పిల్లికి పనికిరావు. ఆముదం బలవంతంగా పట్టడం కూడా ఇక వద్దు. నూనె పొరపోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది.

ఇంట్లో ఉండే పిల్లికి జబ్బు వచ్చే దారులు ఇంకా ఉన్నాయి. వాంతులు అనగానే నేను అడిగేది పూలదండ సంగతి. మల్లెపూల దండ విప్పి పడేసిన దారం పిల్లికి ఎంతో ఇష్టం, మింగేస్తుంది. దారం ఒక కొస నాలుక కింద చుట్టుకుని, రెండో కొస పేగులోకి దిగితే పేగు కుచ్చిళ్లు పెట్టినట్టు ముడుచుకుపోయి తెగుతుంది. నోరు తెరిచి నాలుక కింద చూడండి. దారం కనిపిస్తే, వెనక నుంచి వేలాడుతున్నా సరే, లాగవద్దు, కత్తిరించవద్దు. అలాగే తీసుకెళ్లాలి. బల్లులను తినే పిల్లులకు బల్లిలోంచి ఒక పురుగు కాలేయంలోకి చేరుతుంది, పసరికలు కనిపిస్తాయి. దానికి మందుంది, డాక్టరుకు బల్లి సంగతి చెప్పడం మరవకండి. చెప్పులకు అంటుకుని పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ ఇంట్లోకి వస్తుంది, నేల మీద నెలల తరబడి బతుకుతుంది. బయటికే వెళ్లదు కదా టీకా ఎందుకు అనేవారికి నా జవాబు ఇదే. రేబీస్ టీకా కూడా తప్పదు. ఇంట్లోకి వీధి కుక్క రావచ్చు, ఆ గండుపిల్లి రావచ్చు. మందు పట్టేటప్పుడు గోళ్లు, పళ్లు దిగితే సబ్బునీళ్లతో పావుగంట కడిగి, మీరు ఆసుపత్రికి వెళ్లండి.

ఒక నోటు పుస్తకం పెట్టండి. జబ్బును దాచుకోవడం పిల్లి నైజం, ఆ దాచినది లెక్కలోనే దొరుకుతుంది. రోజూ ఎన్ని ఉండలు, ఎంత పెద్దవి, ఎంత తిన్నాడు, కక్కాడా లేదా రాయండి. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద బుట్టతో సహా తూచి, బుట్ట బరువు తీసేయండి, వారానికోసారి. పావుకిలో తగ్గడం మనకు లెక్కలోకి రాదు. అయిదున్నర కిలోల వాడికి అది అరవై కిలోల మనిషి దాదాపు మూడు కిలోలు తగ్గినట్టు. వాడు గాఢంగా నిద్రపోయేటప్పుడు పక్కటెముకలు ఎన్నిసార్లు లేస్తున్నాయో చూడండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే ఇంకేమీ లెక్కపెట్టకుండా బయల్దేరాలి. ముక్కు తడి, చెవి వేడి చూసి జ్వరం చెప్పలేం. థర్మామీటరులో 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ పిల్లికి మామూలే.

బుజ్జిగాడికి వచ్చిన ఈ మూత్రసంచి వాపు సాధారణంగా వారం రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, మళ్లీ వచ్చే గుణం కూడా దానికి ఉంది. తొట్టెలో తడి అసలు కనిపించకపోతే, అరుస్తూ ముక్కుతుంటే, అస్తమానం తన మర్మాంగాన్ని నాకుతుంటే, రాత్రి పన్నెండైనా ఆగవద్దు. ముందుగానే ఫోన్ చేసి "మగపిల్లికి మూత్రనాళంలో గొట్టం వేసే సౌకర్యం ఉందా" అని అడగండి. అన్ని చోట్లా అంత సన్నటి గొట్టం ఉండదు, వెళ్లాక తెలిస్తే విలువైన గంటలు పోతాయి. శ్రీకాకుళం, బరంపురంలలో ఎవరి దగ్గర ఉందో ఇప్పుడే కనుక్కుని నంబర్లు గోడ మీద రాసుకోండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, పెద్ద పరీక్షలు అవసరమైతే అక్కడిదాకా, లేదా విశాఖదాకా వెళ్లాల్సి రావచ్చు. మళ్లీ వస్తే మాత్రం రాళ్లు లేవని స్కాన్‌లో తేల్చుకోవాలి.

శనివారం సాయంత్రం మీకు ఫోన్ చేస్తాను. అప్పటికి మూడు రోజుల ఉండల లెక్క పుస్తకంలో రాసి దగ్గర పెట్టుకోండి. ఈలోగా ఒక పూటంతా తొట్టె పొడిగా ఉంటే నా ఫోన్ కోసం చూడకుండా డాక్టరు దగ్గరికి బయల్దేరండి.